చలి సగం, బండి సగం

దీపావళి మందుగుండు వాసన పోకముందే రాయగడ జిల్లాలోని మా తెరుబలిలో పలకరింపులు మారిపోతాయండి. మొన్నటిదాకా "భోంచేశారా" అని అడిగినవాళ్లే "ఏం మాస్టారూ, జర్కిన్ తీసుకున్నారా" అంటారు. లేదంటే పాపం, ఉంటే ఎంతకి కొన్నారో చెప్పేదాకా వదలరు. ఇక కొనబోయేవాడి కోరికలు వినాలి మీరు. చలి ఆగాలట, వానకి తడవకూడదట, రోజూ డ్యూటీకి వేసుకెళ్లాలట, ఆదివారం పెళ్లికీ పనికిరావాలట, ధర మాత్రం వెయ్యి దాటకూడదట. ఇన్ని గుణాలున్న అల్లుడే దొరకడు, జర్కిన్ దొరుకుతుందా!

అందుకని కొట్టుకెళ్లే ముందు కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం. మీరు ఎక్కడ ఉంటారు, ఎన్నింటికి బయల్దేరతారు, దేనిమీద వెళ్తారు? ఈ మూడింటికీ జవాబు దొరికితే సగం బేరం అయిపోయినట్టే.

ముందు ఊరి సంగతి, వేళ సంగతి. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయ్యేదాకా మనదంతా కోరాపుట్ జిల్లానే. కాగితం మీద ఒకటైనా చలి ఎప్పుడూ ఒకటి కాదు. రాయగడ సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంటే కోరాపుట్ 870 మీటర్ల దగ్గర కూర్చుంది. ఇంకాస్త అవతల దేవమాలి శిఖరం 1672 మీటర్లు, ఒడిశా మొత్తానికీ అదే ఎత్తైనది. కిలోమీటరు పైకెక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. అంటే రాయగడలో రైలెక్కి సొరంగాలు దాటుకుంటూ కోరాపుట్‌లో దిగేసరికి, మీ పెట్టెలో ఏమీ మారకపోయినా, బయట నాలుగు డిగ్రీలు మాయమైపోతాయన్నమాట. సునాబెడలోనో సెమిలిగూడలోనో ఉన్న బావమరిది కొన్న దళసరి జర్కిన్ చూసి మీరూ అలాంటిదే కొంటే, పదిగంటలకల్లా దాన్ని చంకలో పెట్టుకుని తిరగాల్సిందే. మన కింది ఊళ్లలో చలి తెల్లవారుజామున గట్టిగా పట్టి, ఎండెక్కేసరికి సర్దుకునే రకం. నాగావళి లోయలో పొగమంచు దిగిన రోజున మాత్రం ఎనిమిదైనా వదలదు.

రెండోది బండి. ఇదే అసలు సంగతి. బస్టాండులో నిలబడ్డవాడికీ మోటారు సైకిలు మీద వెళ్లేవాడికీ చలి ఒకటే అనుకోకండి. బయట 10 డిగ్రీలుందనుకుందాం. గంటకి 40 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి అది 6 డిగ్రీల్లా ఉంటుందని అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న లెక్క చెబుతోంది. 5 డిగ్రీలుంటే సున్నా కన్నా కిందికే పోతుంది. అంటే గాలి లేని రోజున కూడా మనమే బండెక్కి ఆ గాలిని తెచ్చుకుంటున్నాం. చలి సగం దేవుడిదైతే సగం మన యాక్సిలరేటరుది. పది కిలోమీటర్ల వేగం తగ్గిస్తే కొంత చలి ఉచితంగా తగ్గుతుంది. కానీ హాజరు వేళ దగ్గర పడ్డవాడికి ఆ మాట చెప్పి లాభం లేదు.

అందుకని బండివాళ్లు మొదట చూడాల్సింది గాలి ఆపడం. ఎంత దళసరి ఊలు స్వెట్టరైనా అల్లిక సందుల్లోంచి గాలి దూరుతుంది. పల్చటి విండ్‌చీటరు దానిమీద వేస్తే అదే స్వెట్టరు రెట్టింపు పనిచేస్తుంది. ఎందుకంటే వెచ్చదనం ఊలులో లేదు, ఊలు పట్టి ఉంచిన గాలిలో ఉంది. ఆ గాలిని కదలనివ్వకుండా కాపలా కాసేది పైన ఉన్న పల్చటి గుడ్డే. దీన్ని కొట్లోనే పరీక్షించొచ్చు. జర్కిన్ గుడ్డని నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతలి పక్క పెట్టిన అరచేతికి గాలి తగిలితే అది మీ బండికి పనికిరాదు. కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఈ మూడు ప్రశ్నలు కాక ఇంకొకటి ఉంది, వాన. వాటర్‌ప్రూఫ్ కావాలని అందరూ పట్టుబడతారు గానీ, మనకి వాన ఎప్పుడు పడుతుంది? జూన్‌లో మొదలై దసరా దాకా. అప్పుడు జర్కిన్ వేసుకుంటే ఉడికిపోతాం. చలికాలంలో ఆకాశం చాలావరకు ఎండిపోయే ఉంటుంది. చలీ వానా కలిసి వచ్చేది తుపాను రోజుల్లోనే. 2018 డిసెంబరు 17న పెథాయ్ గోదావరి తీరం దాటినప్పుడు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడు దక్షిణ ఒడిశా దాకా ముసురు పట్టింది. కోసిన వరి తడిసిపోయిందని రైతులు ఏడ్చిన రోజులవి. కానీ ఎప్పుడో వచ్చే ఆ రెండు మూడు రోజుల కోసం రబ్బరు కోటు కుట్టించుకుని మిగతా చలికాలమంతా మొయ్యడం తెలివైన పని కాదు. డిక్కీలో మామూలు రెయిన్‌కోటు ఒకటి మడిచి పడేస్తే ఆ రోజుకి గట్టెక్కేస్తాం.

మరి మన చలికాలంలో తడి ఎక్కణ్నుంచి వస్తుందంటారా? కొంత పొగమంచు నుంచి, ఎక్కువ మన ఒంట్లోంచి. ఈ మాట మా తెరుబలివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి బతుకంతా ఇంఫా చుట్టూ తిరుగుతుంది. డాక్టర్ బంశీధర్ పండా 1961లో పెట్టిన ఆ కంపెనీ 1967లో ఇక్కడ ఫెర్రో సిలికాన్ కొలిమి వెలిగించింది. ఫర్నేసు దగ్గర పదిహేను వందల డిగ్రీలు దాటిన లోహం పారుతుంటే ఎదురుగా నిలబడ్డ మనిషి చొక్కా డిసెంబరులో కూడా తడిసి ముద్దవుతుంది. నైట్ షిఫ్ట్ దిగి అదే చొక్కా మీద జర్కిన్ బిగించి, పొగమంచులో ఇంటికి బండి తోలుకెళ్తాడు. ఇప్పుడు చెప్పండి, ఈయనకి బయటి నీళ్లు ఆపే కోటు ముఖ్యమా, లోపలి తడిని బయటికి పంపే కోటు ముఖ్యమా? నన్నడిగితే జర్కిన్ కన్నా ముందు సంచిలో ఓ పొడి బనియన్ ముఖ్యం. తడి బనియన్ మీద పదివేల జర్కిన్ వేసినా వణుకు ఆగదు.

ఈ చిక్కు పాతదే. 1823లో గ్లాస్గోకి చెందిన ఛార్లెస్ మాకింటోష్ రబ్బరుని నాఫ్తాలో కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి, వానకోటు గుడ్డకి పేటెంటు తీసుకున్నాడు. చుక్క లోపలికి రాదు సరే, చెమట బయటికీ పోదు. నూటయాభై ఏళ్లు లోకం ఆ ఉక్కలోనే నడిచింది. 1969లో అమెరికాలో బాబ్ గోర్, టెఫ్లాన్ కడ్డీని వేడిచేసి మెల్లగా సాగదీస్తుంటే ప్రతిసారీ తెగిపోతోందని విసిగి, ఒక్క ఊపున లాగాడు. తెగలేదు సరికదా, బారెడు సాగింది. అందులో కంటికి కనపడని రంధ్రాలు పడ్డాయి. నీటి చుక్క దూరలేదు గానీ ఆవిరి దూరిపోతుంది. గోర్‌టెక్స్ పుట్టుక అదీ. ఇప్పుడు అదే పద్ధతిలో, ఇంకా చవక పూతలతో, రకరకాల జర్కిన్లు వస్తున్నాయి.

వాటి లోపల కుట్టిన చీటీ మీద 5000 ఎం.ఎం., 10000 ఎం.ఎం. అని రాసి ఉంటుంది. బెదిరిపోకండి. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్లు పోస్తూ పోతే, ఎంత ఎత్తు నీటిని చుక్క దిగకుండా ఆపిందో ఆ కొలత. 5000 మామూలు జల్లుకి చాలు. హోరువానలో రోజూ తిరిగేవాళ్లకి 10000. ఇంకో అంకె గ్రాముల్లో ఉంటే, అది రోజుకి ఎంత ఆవిరిని బయటికి పంపుతుందో చెప్పేది. మన అవసరానికి ఈ రెండో అంకె పెద్దదిగా ఉండాలి. అంకెలేవీ లేకపోతే చంకల కింద జిప్పులున్నాయేమో చూడండి. చెమట పోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. ఆపైన అంకెల కోసం మరీ పట్టుబట్టడం గొంగట్లో తింటూ వెంట్రుకలేరడమే.

గొంగడి అంటే గుర్తొచ్చింది. మన తెలుగు గొర్రెల కాపరి ఈ చీటీలేవీ చదవకుండానే వెచ్చదనాన్నీ వానకాపునీ ఒక్కదానిలో సంపాదించాడు. దక్కనీ గొర్రె ఉన్ని, చింతగింజల గంజి పెట్టి బిగించిన ముతక నేత. వానొస్తే నెత్తిమీంచి కప్పుకుంటాడు, రాత్రికి పరుచుకుంటాడు. ఉన్ని తన బరువులో ముప్పయ్యో వంతు కాదండీ, ముప్పై శాతం దాకా తేమని పీల్చుకుని కూడా వెచ్చగానే ఉంటుంది. కానీ అది మందతో నడిచేవాడి బట్ట. బండికి బరువు. అలాగే మన నియమగిరి డొంగరియా కొందుల కపడగండ శాలువా ఉంది. 2024లో జి.ఐ. గుర్తింపు వచ్చింది, ఎరుపూ ఆకుపచ్చా పసుపూ దారాలతో చూడముచ్చటైన పని. ఇంట్లో కప్పుకోండి, సంతకి కప్పుకోండి, బండి మీద మాత్రం ఏ శాలువా అయినా వద్దు. చెంగు గొలుసులో పడితే చలి సంగతి మర్చిపోవాలి.

లోపల ఏం నింపారన్నది కూడా చూడాలి. బాతు ఈకల జర్కిన్లు ఇప్పుడు ఫోనులో తెగ కనిపిస్తున్నాయి. తేలిక, వెచ్చన, నిజమే. కానీ తడిస్తే ఈకలు ఉండకట్టి వెచ్చదనం పోతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. హిమాలయాల పొడి మంచుకి సరిపోయే సరుకది. మనకి పాలిస్టరు దూది నింపినదో, లోపల ఫ్లీసు ఉన్నదో చాలు. ఇంకా మంచిది, లోపల ఏమీ లేని కాస్త వదులైన పైకోటు ఒకటి, విడిగా స్వెట్టరు ఒకటి. ఎండెక్కగానే స్వెట్టరు తీసెయ్యొచ్చు, ఎప్పటికప్పుడు ఉతుక్కోవచ్చు. కోరాపుట్ వెళ్లే రోజున రెండూ, రాయగడ మార్కెట్‌కి ఒక్కటే.

ఆ స్వెట్టరు ఎక్కడ కొనాలంటే, చలికాలం మొదలవగానే మన పట్టణాల్లో రోడ్డు పక్కన గుడారాలేసే టిబెటన్ల దగ్గర. మనవాళ్లు వాళ్లని నేపాలీలు అనేస్తారు గానీ, పక్క గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి వాళ్ల ఊరే ఉంది. జిరంగలో వాళ్లు కట్టుకున్న పెద్ద బౌద్ధ మఠాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. వేసవిలో మొక్కజొన్న, చలికాలంలో స్వెట్టర్ల వ్యాపారం. సరుకు చాలావరకు లూథియానాది. బేరమాడండి, మరీ సగానికి అడక్కండి.

పైకోటు కొనేటప్పుడు మాత్రం సిగ్గుపడకుండా దాన్ని తిరగెయ్యండి. లోపల కుట్ల మీద పొడుగూతా సన్నటి టేపు అతికించి ఉందా? లేకపోతే ప్రతి సూది రంధ్రమూ నీటికి గుమ్మమే, గుడ్డ ఎంత మంచిదైనా. భుజాల కుట్టు, టోపీ కుట్టు ముఖ్యంగా చూడండి. జిప్పు వెనక గుడ్డ పట్టీ ఉందా? గాలి సూటిగా గుండెకి కొట్టే చోటది. తర్వాత స్వెట్టరు మీద వేసుకుని, స్టూలు మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాపండి. మణికట్టు బయటపడిందా? వీపు కింద చొక్కా కనిపించిందా? అయితే ఓ సైజు పెద్దది అడగండి. నిలబడి అద్దంలో చూసుకుంటే ఇవేవీ తెలియవు. "మీకు భలే నప్పింది అన్నా" అని కొట్టువాడు అనేది కూడా అప్పుడే.

రంగు గురించి ఒక్కమాట. మగవాళ్లందరికీ నల్లదే కావాలి, మాసినా కనపడదని. పొగమంచులో మనిషి కూడా కనపడడు. ఖనిజం లారీలు తిరిగే రోడ్డు మనది. లేతరంగు కొనండి, వీపు మీద మెరిసే పట్టీ ఉంటే ఇంకా మంచిది. నల్లదే కొంటామంటే ఆ పట్టీ ఒకటి టైలరు చేత కుట్టించుకోండి.

కొన్నాక దాని అసలు శత్రువు చలికాలంలో రాదు, జూన్‌లో వస్తుంది. మార్చిలో మడిచి ట్రంకు పెట్టెలో పెట్టిన జర్కిన్ నాలుగు నెలల ముసురులో బూజు పడుతుంది. లోపలి పూత తేమకి జిగురెక్కి పొలుసులుగా రాలుతుంది. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, మడవకుండా హ్యాంగరుకి గాలాడేచోట వేలాడదియ్యండి. ఉతికేటప్పుడు సువాసన ద్రవాలు పొయ్యకండి, నీళ్లు జారిపోయే గుణం పోతుంది.

ఇంతా చేసి చేతుల్ని మర్చిపోతారు చాలామంది. ఖరీదైన జర్కిన్ వేసుకుని, గాలికి ఎదురుగా పది వేళ్లూ బయటపెట్టి వచ్చినవాడు ఇంటి గేటు గొళ్లెం కూడా తియ్యలేక హారన్ కొడుతూ నిలబడతాడు. లోపల్నుంచి ఆవిడ వచ్చి తీసేదాకా అంతే సంగతులు. కాబట్టి జర్కిన్ ధరలో కాస్త తగ్గించమని గట్టిగా బేరమాడండి, ఆ మిగిలిన డబ్బుతో అక్కడే గ్లవ్స్ కొనుక్కుని మరీ రండి.