శబ్దం ఆగితే బాగైనట్టేనా?

సంక్రాంతి సెలవులకి అనకాపల్లి వెళ్లేసరికి నాన్న బండి కటకటమంటోంది. పాత 100 సీసీ బండి. బెల్లం సీజన్లో తెల్లారకముందే దాని మీదే మార్కెట్‌కి వెళ్తాడు. "మెకానిక్కి చూపిద్దాంలే" అన్నాడు. "మెకానికల్ చదివే కొడుకుండగా మెకానిక్కెందుకు నాన్నా?" అన్నాను.

శబ్దం టైమింగ్ చైన్‌ది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. 6000 ఆర్‌పీఎంలో క్రాంక్ సెకనుకి 100 చుట్లు, క్యామ్ 50. ఈ లెక్క తప్పకుండా చూసేది ఆ సన్నటి చైనే. అరిగి సాగితే లోపల కొట్టుకుంటుంది. మరీ వదులైతే పన్ను దాటి, వాల్వులు తెరుచుకునే వేళే తప్పిపోతుంది. అలా కాకుండా దాన్ని బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్. మా బండిలో అది ఒక కడ్డీ, వెనక ఒక స్ప్రింగు. మనం బిగించడానికి స్క్రూ ఏమీ ఉండదు.

స్ప్రింగుని ఎంత నొక్కితే అంత బలం. హుక్ సూత్రం మనకి కొట్టినపిండి కదా! బోల్టు విప్పి, స్ప్రింగు వెనక రెండు వాషర్లు వేసి బిగించేశాను. కటకట టక్కున ఆగిపోయింది. నాన్న వీధి చివరిదాకా నడిపొచ్చి, "మావాడే బాగుచేశాడు" అని పక్కింటివాళ్లకి కూడా చెప్పాడు.

హాస్టల్‌కి వచ్చిన మూడు వారాలకి ఫోన్. "బండి షెడ్డులో పెట్టాన్రా. మార్కెట్‌కి ఆటోలో వెళ్తున్నాను."

ఆదివారం షెడ్డుకి వెళ్లాను. ఇంజన్ విప్పి ఉంది. చైన్ ఒరుసుకునే గైడు మీద రబ్బరు గాడిపడి, ఇనుము బయటపడింది. మెకానిక్ అరచేతిలో నా వాషర్లు రెండూ ఉన్నాయి.

"స్ప్రింగెనకాల ఇయ్యి ఎవులెట్టారు బాబూ?"

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "పాతవేలే, ఇదివరకు ఎవరో పెట్టుంటారు."

"సైను అరిగిపోతే మార్చాల గానీ, బిగించేత్తే ఏటవుద్ది? పక్కది అరిగిపోద్ది" అన్నాడాయన. చైన్, గైడు, పళ్లచక్రాలు, అన్నీ కొత్తవి పడ్డాయి. డబ్బులు లెక్కపెడుతున్న నాన్న వంక చూడలేకపోయాను.

తిరిగొచ్చేటప్పుడు వెనక కూర్చుని చెప్పాను. "నాన్నా, ఆ వాషర్లు నేనే పెట్టాను."

"తెలుసులేరా" అన్నాడు. ఇంకేం అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత చదివాను. చాలా డుకాటీ ఇంజన్లలో టైమింగ్‌కి చైన్ బదులు రబ్బరు బెల్టు ఉంటుంది. దాన్ని వీణ తీగలా మీటి, ఆ మోత ఫ్రీక్వెన్సీ కొలిచి బిగువు సరిచూస్తారు. ఫ్రీక్వెన్సీ రెట్టింపు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలి. వాళ్లు శబ్దాన్ని విని బిగిస్తున్నారు. నేను శబ్దం వినపడకుండా బిగించాను.

వేసవి సెలవుల్లో పని నేర్పమని ఆ మెకానిక్‌నే అడిగాను. స్క్రూడ్రైవర్ మొన ఒక ఇంజన్‌కి ఆనించి, పిడి నా చెవికి పెట్టాడు.

"ముందు ఇనడం నేర్సుకో బాబూ. స్పానర్ తర్వాత."