నాల్గవ స్థానము

1980వ సంవత్సరము వేసవిలో నా హాకీకర్ర మా నాయనమ్మగారి చేతిలోనికి పోయినది. మిద్దెమీద వడియములు ఎండబెట్టినప్పుడు కోతులను తోలుటకు ఆమెకొక కర్ర కావలసియుండెను. నాకు పదియవ తరగతి పరీక్షలు ముగిసినవి; ఇక ఆటలు చాలునని నాన్నగారు చెప్పిరి. కర్ర యూరక మూలనుండుట యెందుకని నాయనమ్మ దానిని పుచ్చుకొనినది. చివర వంపు గలదగుటచే చింతకొమ్మలను వంచి కాయలు కోయుటకు గూడ అది మిక్కిలి అనుకూలముగా నున్నదని ఇరుగుపొరుగు వారితో మెచ్చుకొనుచుండెడిది.

మాది రైల్వే కాలనీ. రైల్వేవారిలో హాకీ ఆట బహుకాలమునుండి కలదు. ఆ ప్రభావముచే మా బడిలో బాలికలకును ఒక జట్టు ఏర్పడినది. మైదానములో పచ్చిక యన్నమాట లేదు. అంతయు ఎర్రని మొరపనేల. పడినచో మోకాలి చర్మము లేచిపోవలసినదే. ఆ దెబ్బలు అమ్మకంట బడకుండ పరికిణీ కాపాడుచుండెను. నేను గొప్పగా ఆడితినని చెప్పుకొనను. కాని దూరమునుండి వచ్చుచున్న బంతి సరిగా నా కర్రకు తగిలి 'టక్కు'మన్నప్పుడు కలిగెడి సంతోషమువంటిది ఆ తరువాత నా జీవితములో చాల కొద్దిసార్లే కలిగినది.

"ఒకరి యింటికి పోవలసిన పిల్ల. కాలో చేయో విరిగినచో ఎవరు చేసికొందురు?" అని నాన్నగారనిరి. ఆయన కఠినులు కారు. పరీక్షలకు నన్ను తమ సైకిలుమీద తీసికొనిపోయి, ముగియువరకు గేటువద్ద నిలుచుండిన మనిషి. అందుచేతనే నేను ఎదురాడలేకపోతిని.

ఆ జూలై నెలలోనే మాస్కోలో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనవి. స్త్రీల హాకీకి ఒలింపిక్సులో చోటిచ్చుట అదియే మొదటిసారి. పురుషులు 1908లోనే అచ్చట ఈ ఆట నాడిరి. మన పురుషుల జట్టు 1928లోనే స్వర్ణపతకము గెలిచినది. స్త్రీలు 1980 వరకు వేచియుండవలసి వచ్చినది. అఫ్ఘనిస్థానములోనికి సోవియట్ సైన్యము ప్రవేశించినందులకు నిరసనగా అమెరికా మొదలగు పెక్కు దేశములు ఆ క్రీడలను బహిష్కరించినవి. స్త్రీల హాకీలో ఆరు జట్లు ఆడినవి: జింబాబ్వే, చెకోస్లొవేకియా, సోవియట్ యూనియను, ఆస్ట్రియా, పోలండు, మన దేశము. ప్రతి జట్టు తక్కిన అయిదింటితోను ఒక్కొక్క ఆట ఆడవలెను, ఫైనలు లేదు, గెలుపునకు రెండు పాయింట్లు, సమమైనచో ఒకటి.

మన జట్టునకు నాయకురాలు రూపా సైనీ. పంజాబులోని ఫరీద్‌కోటు ఆమె స్వస్థలము. ఆమె అక్కచెల్లెండ్రు కూడ హాకీ ఆడినవారే. ఒక యింటిలో ఆడపిల్లలందరు కర్రలు పట్టి మైదానమునకు పోవుట నేనెన్నడు ఊహింపనైన లేదు. ఆ తండ్రికి ఊరివా రేమి చెప్పియుందురో, ఆయన వారికేమని బదులు చెప్పియుండెనో యని నేటికిని నాకు కుతూహలమే.

మొదటి ఆటలో మనవారు ఆస్ట్రియాను 2-0 తో గెలిచిరి. పోలండును 4-0 తో ఓడించిరి. చెకోస్లొవేకియా చేతిలో 1-2 తో ఓడిరి. జింబాబ్వేతో ఆట 1-1 గా ముగిసినది. కడపట సోవియట్ జట్టు మనలను 3-1 తో గెలిచినది. జూలై 29న మన పురుషులు స్పెయినును 4-3 తో ఓడించి స్వర్ణము గెలిచినప్పుడు మా వీధి అంతయు పండుగవలె నుండెను. పొరుగింటివారు మిఠాయి పంచిరి. స్త్రీల కడపటి ఆట జూలై 31న. దానిని గురించి అడిగినవారు లేరు. మూడవనాడు మా అన్నయ్య చదివి పారవేసిన పత్రికలో, పురుషుల విజయమును పొగడు వ్యాసమునకు క్రింద, నాలుగు పంక్తులలో ఆ వార్త నాకు కనబడినది. భారత స్త్రీలకు నాల్గవ స్థానము.

నేను లెక్కలలో మందురాలనే. అయినను ఆ రాత్రి దీపముముందు కూర్చుండి లెక్క వేసితిని. సోవియట్ జట్టునకు ఆరు పాయింట్లు, మనకు అయిదు. కడపటి ఆట గెలువనక్కరలేదు. సమముగా ముగిసియున్నను మనకారు, వారికయిదు అయి కాంస్యపతకము మనదై యుండెడిది. అన్నయ్యకు చూపితిని. "పెద్ద జట్లు రాలేదు కాబట్టి నాల్గవదైనది. అదేమి గొప్ప?" అనెను. ఈ మాట తరువాత గూడ పలువురు పెద్దమనుష్యుల నోట వింటిని. రానివారి తప్పు వచ్చినవారి మీద వేయుట న్యాయమా? స్వర్ణము గెలిచిన జింబాబ్వేవారికి ఆ క్రీడలకు కొద్ది వారముల ముందు మాత్రమే పిలుపు వచ్చినది. కృత్రిమపు పచ్చికపై వారంతకుముందు ఆడి యెరుగరు. వారిని మాత్రము లోకము నేటికిని కథగా చెప్పుకొనుచున్నది.

రెండేండ్లకు నాకు వివాహమైనది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు ఎలీజా నెల్సన్ నాయకత్వమున మన స్త్రీల జట్టు స్వర్ణము గెలిచినది. ఆ సంగతి కొన్ని వారముల తరువాత, కందిపప్పు పొట్లము విప్పునప్పుడు ఆ కాగితము మీద చదివితిని. కాగితమును మడిచి పెట్టెలో దాచుకొంటిని. అత్తగారు చూచి, పాత కాగితముల కొరకు పెట్టెలో చోటెందుకని నవ్విరి.

ఇకనొక సంగతి చెప్పవలెను. ఇంతవరకు రాసినది చదివిన సోదరీమణులకు నా మీద కొంత జాలి కలిగియుండవచ్చును గాని నేను దానికంత తగినదానను గాను. 1999లో మా అమ్మాయికి పదునాలుగేండ్లు. బడిలో కబడ్డీ జట్టునకు ఎన్నికై, పొరుగూరిలో పోటీలకు పంపుమని అడిగినది. నేనేమంటినో తెలియునా? "కాలో చేయో విరిగినచో ఎవరు చేసికొందురు?" అంటిని. నాన్నగారి మాటయే, అక్షరము తప్పలేదు. అది నాకప్పుడు తోచనైన లేదు. అమ్మాయి రెండు దినములు అన్నము సరిగా తినలేదు. మూడవనాడు మామూలైనది. మామూలైనదని నేననుకొంటిని.

మాస్కో తరువాత మన స్త్రీల హాకీ జట్టు మరల ఒలింపిక్సునకు పోవుటకు ముప్పదియారేండ్లు పట్టినది. 2016లో రియోలో పండ్రెండు జట్లలో కడపటిదిగా నిలిచినది. టోక్యో క్రీడలు 2021లో జరిగినప్పుడు మనుమరాలు మాయింట నుండెను, దానికి పండ్రెండేండ్లు. ఆగస్టు 2న గుర్జీత్ కౌర్ కొట్టిన ఒక్క గోలుతో మనవారు ఆస్ట్రేలియాను ఓడించిరి. అర్జెంటీనా చేతిలో ఓడి, ఆగస్టు 6 ఉదయము కాంస్యము కొరకు బ్రిటనుతో ఆడిరి. నాటి చిత్తూరు జిల్లా పల్లెటూరినుండి పోయిన గోలుకీపరు ఎతిమరపు రజని గూడ ఆ జట్టుతో టోక్యోలో నుండెనని చెప్పగా మనుమరాలికి ఉత్సాహము రెట్టింపైనది. 0-2 నుండి మనవారు 3-2 కు వచ్చిరి. పొయ్యిమీద ఉప్మా అడుగంటినది. తుదకు 3-4. మరల నాల్గవ స్థానమే. నాయకురాలు రాణీ రాంపాల్ మొదలుగా అందరు మైదానములోనే కన్నీరు పెట్టుకొనిరి.

"నాల్గవవారికి ఏమిత్తురు అమ్మమ్మా?" అని మనుమరాలు అడిగినది. ఏమియు ఇయ్యరంటిని. ఎనిమిదవ స్థానమువరకు ప్రశంసాపత్ర మిత్తురని తరువాత తెలిసినది. ఆ సాయంత్రమే అది హాకీలో చేరెదనని తల్లికి ఫోనులో చెప్పినది. తల్లి వద్దన్నది. నేను ఫోను తీసికొని, పంపుమని నచ్చజెప్పబోతిని. అటువైపు కొంతసేపు మాట లేదు.

"నన్ను వద్దన్నప్పుడు నీకీ జ్ఞానము లేదా అమ్మా?" అన్నది.

నా యొద్ద బదులు లేదు. లేదనియే చెప్పితిని. ఆ వారమంతయు అది నాకు ఫోను చేయలేదు.

మరుసటి నెలలో పిల్లను చేర్చినది. నేటికిని తెల్లవారుజామున అయిదు గంటలకు దానిని స్కూటరుపై మైదానమునకు తీసికొనిపోవునది మా అమ్మాయియే. మొన్న వారింటికి పోయినప్పుడు నేనును వెంట పోతిని. ఇప్పటి కర్రలు ఎంత తేలిక! మనుమరాలు తన కర్ర నా చేతికిచ్చి బంతిని మెల్లగా నా వైపు త్రోసినది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి కొట్టితిని. బంతి నేను చూచిన దిక్కునకు పోక, స్కూటరు వద్ద నిలుచున్న మా అమ్మాయి కాళ్ళకడకు పోయినది. అది ఒక క్షణము దానివంక చూచి, కాలితో ఆపి, "కర్ర పట్టుట అట్లు కాదమ్మా, ఎడమ చేయి పైనుండవలెను" అన్నది.