లెక్కల అయ్యవారి రెండవ రంగము

నటుల చరిత్రములు గృహిణులకేల యని మీలో కొందరు తలపవచ్చును. ఒక నటుని జీవితము మా యింటి జమాఖర్చుల పుస్తకములో నొక పంక్తిని చేర్చినది. అందుచేతనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా పుట్టినిల్లు ధర్మవరము. మా తాతగారు నాకు మనుచరిత్రమును, భాగవతమును ఇంటనే చెప్పిరి. వారి యెదుట వీథిమాట పలుకుటకు వీలులేదు. 1999వ సంవత్సరమున మేనమామ వెంట 'సమరసింహారెడ్డి' చూడబోయితిని. అందు ప్రతినాయకుడు మా పేటలోని మగ్గములవారును, బండ్లవారును మాటలాడు తీరుననే గర్జించెను. భయపడవలసిన పిల్లను, నవ్వితిని. మా వీథిమాటకును తెరమీద చోటున్నదని నాడే తెలిసినది. ఆ నటుడు జయప్రకాష్ రెడ్డిగారు.

వారు కర్నూలు సీమలోని శిరివెళ్లలో జన్మించిరి. తండ్రిగారు పోలీసు ఉద్యోగి. నాటకములయందును ప్రీతి కలవారు. వారి బదిలీలతో కుమారుని చదువు నెల్లూరున కొంత, మన అనంతపురమున కొంత సాగినది. పిమ్మట గుంటూరున లెక్కల ఉపాధ్యాయుడై, బడి విడిచిన వేళల నాటకములాడెడివారు. దాసరి నారాయణరావుగారు వారి నాటకము చూచి మెచ్చుకొనిరి. 1988లో 'బ్రహ్మపుత్రుడు' చిత్రముతో తెరకెక్కినప్పటికి వారికి నలువదియేండ్లు దాటినవి. కొన్ని చిత్రములలో నటించినను సంసారము గడచునంత రాబడి లేకపోయెను. మరల గుంటూరు చేరి సుద్దముక్క పట్టిరి.

ఇచ్చటనే చాలమంది కథ ముగియును. వారి కథ ముగియలేదు. 1997లో 'ప్రేమించుకుందాం.. రా' చిత్రమున మన సీమ యాసతో వారు పలికిన పాత్ర ఏబది దాటిన వయస్సున వారిని ఇంటింటికి తెలిపినది. 2000లో వచ్చిన 'జయం మనదేరా'కు ఉత్తమ ప్రతినాయకునిగా నంది బహుమానము లభించినది. కథానాయకుని వేషము కొరకు కాక, పక్కపాత్రకు ప్రాణము పోయుటకే పాటుపడు ఇట్టివారిని పడమటి దేశములలో క్యారెక్టరు నటులందురు.

ఒక మాట దాచరాదు. ఆ చిత్రముల వలన మన యాస వినబడగనే వేటకొడవళ్లను తలచుకొనువారు బయలుదేరిరి. ఇది నాకును కష్టమే. కాని ఆయన ఆ గొంతునే 'ఢీ', 'రెడీ' వంటి చిత్రములలో నవ్వులకును వాడిరి. క్రౌర్యము కథలోనిది, భాషలోనిది కాదని ఆ నవ్వే చెప్పినది.

ఇక మా యింటి సంగతి. కాపురము హిందూపురము. మావారు పెనుకొండలో లెక్కలు చెప్పుదురు. ఉదయము రైలున పోయి సాయంకాలమునకు వత్తురు. వారికిని నాటకముల వెర్రి. వేషములకు బాడుగ, హార్మోనియమువారికి సంభావన, రాకపోకల ఖర్చు. 2018లో ఒకనాడు పిల్లవాని బడి రుసుమునకు రూకలు చాలక, "పిల్లల చదువా? మీ నాటకమా? ఏదో ఒకటి తేల్చండి" అంటిని. వారు మారుమాట పలుకలేదు. రంగుల పెట్టెను అటకమీద పెట్టిరి. నేను గెలిచితిననుకొంటిని.

2020 సెప్టెంబరు 8వ తేదీ. కరోనా చేత బడులు మూసియుండెను. జయప్రకాష్ రెడ్డిగారు గుంటూరున గుండెపోటుతో మరణించిరని వార్త వచ్చెను. మావారు చాలసేపు ఊరకుండి, "ఆయప్ప కూడా లెక్కల అయ్యవారేనే" అనిరి. అంతే. ఆ మాటలో నామీద నింద లేదు. అందుకే నాకు నిద్రపట్టలేదు.

చిత్రములలో పేరు వచ్చిన తరువాతను ఆయన రంగస్థలమును విడువక 'అలెగ్జాండర్' అను ఏకపాత్ర నాటకమును ఒంటరిగా ఆడుచుండిరని చదివితిని. అనగా ఆ తృష్ణ ధనము కొరకైనది కాదు. నేను అటకమీద పెట్టించినది పెట్టెను మాత్రమే కాదని అప్పుడు తోచినది.

మరునాడు పెట్టెను నేనే దింపితిని. రంగులెండి బీటలు వారినవి. మావారు చూచి, "ఇప్పుడెందుకే ఇది?" అనిరి. "మీసాలైనా బాగున్నాయి కదండీ" అంటిని. ఇద్దరమును నవ్వితిమి.

నటనకొరకు సంసారమును నీటగలపవలెనని నేను చెప్పను. ఆయనయు రాబడి చాలనప్పుడు బడికే మరలిరి గదా! కాని, బియ్యము, పాలు, బడి రుసుము వరుసలో ఇప్పుడు మా పుస్తకమున 'నాటకము' అను పంక్తి కలదు. మొత్తము చిన్నది, ఒకమారు అందులోనికి నా చీర కొరకు దాచినది కూడ పోయినది. అక్కలారా, మీ యిండ్ల అటకలమీద ఏమేమి పెట్టెలున్నవో ఒక్కసారి చూడుడు. అందు మీవియు నుండవచ్చును.