రాగి రంగు

బ్యాంకు ఆఫీసరమ్మ ఈసారి కూడా పొదుపు గురించే రాసి ఉంటుందనుకునేవారికి ముందే మనవి. ఇది మేకప్ గురించి. నవ్వకండి, యాభై నాలుగేళ్ల వయసులో నేనే వేయించుకున్నాను.

మొన్న దసరాకు మా పాప బెంగళూరు నుంచి చింతామణికి వచ్చింది. ఫోనులో ఒక ఫొటో చూపించింది. ప్యారిస్ ఫ్యాషన్ షోలో నడిచిన అమ్మాయి. కనురెప్పల మీద రాగి రంగు, కొంచెం చెదిరిన కాటుక, పెదవులకు ముదురు మెరూన్.

"ఇది శరత్కాలం అలంకారం మా. ఇంట్లో ఉన్నవాటితోనే నీకు వేస్తా, కూర్చో" అంది.

శరత్తు కోసం చేసే ఆ షోలు అక్కడ ఫిబ్రవరి, మార్చిలోనే జరుగుతాయట. ఆ దేశాల్లో శరత్తులో ఆకులు పండి రాలుతాయి, ఆ రంగులే ముఖానికి ఎక్కుతాయి. "మనకు ఆకులు రాలేది శిశిరంలో కదే?" అన్నాను. "బాగేపల్లి దారిలో రాగి చేలు రంగు తిరగడం లేదా మా? అదే అనుకో" అంది.

కూర్చున్నాను. అది నా పౌడరు డబ్బా తెరిచి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేసింది. ఆ మౌనం ఎందుకో నాకు తెలుసు.

రెండేళ్ల కిందట చిక్కబళ్లాపురం నుంచి పెళ్లిచూపులకు వచ్చారు. పాపది నా రంగే, చామనఛాయ. వాళ్లు వచ్చేముందు ఆ డబ్బాలోని పౌడరే దాని ముఖానికి దట్టంగా అద్దాను. అది పెరట్లోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చి కాఫీలు ఇచ్చింది. సంబంధం కుదరలేదు. "అంతా నీవల్లే" అన్నాను. మూడు నెలలు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. రోజూ సాయంత్రానికి లెక్క సరిచూసే దాన్ని, ఆ పద్దు మాత్రం అలాగే ఉండిపోయింది.

1995లో నన్ను చూడవచ్చినవాళ్లు కూడా "రంగు తక్కువ" అన్నారు. అప్పటినుంచి నాకు రెండు ఛాయలు తెల్లని పౌడరే అలవాటు. బాగేపల్లి బ్రాంచిలో పనిచేసేటప్పుడు పింఛనుకు వచ్చిన ఒక అవ్వ, "ఏం మేడమ్మా, పొద్దున్నే మొగానికి సున్నం కొట్టుకొచ్చినావే?" అంటే అందరితోపాటు నేనూ నవ్వేశాను. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 2020లో 'ఫెయిర్' తీసేశారు. ట్యూబు మీది మాట తీయడం సులభమే. తల్లుల నోట్లోంచి తీయడమే కష్టం.

పాప పని మొదలుపెట్టింది. ముఖం కడిగించి, కొంచెం క్రీము రాసింది. తను తెచ్చిన ఫౌండేషన్‌ను చేతి మీద కాదు, దవడ కింద గీసి చూసింది. మెడ రంగులో కలిసిపోతేనే అది మన ఛాయట. అదీ మచ్చలున్నచోట మాత్రమే అద్దింది. రాగి రంగు పొడిని వేలికొనతో రెప్పల మీద రాసింది. మా అత్తమ్మ ఆముదం దీపంతో పట్టిన కాటుక పెట్టి, దూదితో అంచు చెరిపింది. మెరూన్ లిప్‌స్టిక్‌ను నేరుగా పూయకుండా వేలితో అద్దింది. మిగిలిన చుక్కే బుగ్గలకు. మొత్తం పావుగంట. రాత్రి కొబ్బరినూనెతో తుడిస్తే పోతుందట.

అద్దంలో చూసుకున్నాను. ముఖం, మెడ ఒకే రంగులో ఉన్నాయి. ఎన్నేళ్లయిందో అలా చూసుకుని! రాగి రంగు తెల్లటి ముఖం మీదకంటే మా ముఖాల మీదే బాగా పలికింది.

"పాపా, ఆ రోజు తప్పు నాదే" అన్నాను.

"తెలుసు మా. ఏడవద్దు, కాటుక కారుతుంది" అంది. దాని గొంతూ సరిగా లేదు.

మీ ఇళ్లలోనూ ఆడపిల్లలున్నారు. వీలు చేసుకుని మీ పౌడరు డబ్బా ఒకసారి మీ మెడ పక్కన పెట్టి చూడండి.