పంచువాడొకడు, ఎంచువాడొకడు

సంపాదించుట కష్టమనియు, సంపాదించినదానిని నిలుపుకొనుట అంతకంటె కష్టమనియు పెద్దలు చెప్పుదురు. ఈ రెంటికంటెను కష్టమైనది మూడవది యొకటి కలదు. అది, నిలిచినదానిని పంచుట. భివండీ నూలు వ్యాపారులయొద్ద గుమాస్తాగా నలువది సంవత్సరములు ఖాతాలు వ్రాసిన మాకు ఈ సంగతి బాగుగా తెలియును. కూడిక తప్పినచో మరునాడు దిద్దవచ్చును. పంపకము తప్పినచో అన్నదమ్ములు ఒకరి గడప ఒకరు త్రొక్కరు.

అట్టి పంపకమునకు ఒక మంచి యుపాయము పిల్లల పేకాటలో మాకు కనబడినది. పేకాట యనగానే పెద్దలు ముఖము చిట్లింతురని యెరుగుదుము. మా తరములో అది డబ్బు పోగొట్టు వ్యసనమే. కాని పడుగు పేకలతో బ్రదికినవారికి పేక యను మాట పరాయిది కాదు గదా! కావున కొంచెము ఓపికతో వినవలెనని సోదరసోదరీమణులను ప్రార్థించుచున్నాము.

గోదాములు వరుసలుగా నిలిచిన మా పూర్ణలో సెలవు దినములందు మా మనుమడును వాని స్నేహితులును ఆడెడి ఆట పేరు మ్యాజిక్: ద గ్యాదరింగ్. రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా దేశపు గణితశాస్త్రజ్ఞుడు దీనిని కల్పింపగా, విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అను సంస్థ 1993లో విడుదల చేసెను. మన 52 ముక్కల పేకవలె ఇది అందరికి ఒక్కటే కాదు. ఎవరి పేకను వారు ముక్కలు కొని, మార్చుకొని, ఏరి కూర్చుకొందురు. ప్రతి ముక్కమీదను ఒక చిత్రమును, దాని నియమమును అచ్చువేసి యుండును.

ఆ ఆటలో 2000వ సంవత్సరమున ఇన్వేషన్ అను సంపుటమునందు ఫ్యాక్ట్ ఆర్ ఫిక్షన్ అను ముక్క వెలువడినది. దాని నియమమిది. ఆ ముక్కను ప్రయోగించినవాడు తన పేక పైనుండి అయిదు ముక్కలను తీసి అందరకు కనబడునట్లు పరచవలెను. ఎదుటివాడు వానిని రెండు కుప్పలుగా విడదీయవలెను. అప్పుడు ప్రయోగించినవాడు ఒక కుప్పను ఎంచుకొని చేతిలోనికి తీసికొనును. రెండవ కుప్ప ఆటలోని శ్మశానమునకు పోవును. ఒక కుప్పలో అయిదును, మరియొక కుప్పలో సున్నయు ఉంచినను నియమవిరుద్ధము కాదు.

ఈ నియమమును వినగానే మాకు ఉద్యోగపర్వము జ్ఞప్తికి వచ్చినది. సహాయము కోరి అర్జునుడును, దుర్యోధనుడును ద్వారకకు పోయిరి. శ్రీకృష్ణుడు రెండు కుప్పలు పెట్టెను. ఒకవైపు ఆయుధము పట్టని తానొక్కడు. మరియొకవైపు యుద్ధము చేయు నారాయణ గోపాలుర మహాసేన. పిన్నవాడు ముందు కోరుకొనుట ధర్మమని చెప్పి అర్జునునికి మొదటి యెంపిక నిచ్చెను. అర్జునుడు కృష్ణుని కోరుకొనెను. దుర్యోధనుడు సేన దక్కినదని పొంగిపోయెను. తిరుపతి వేంకటకవుల నాటకము పుణ్యమా యని ఈ ఘట్టము తెలియని తెలుగువాడు లేడు.

ఇందులో గమనింపవలసినది, రెండు కుప్పలు లెక్కకు సమానము కావు. ఒకదానిలో ఒక్కడు, రెండవదానిలో కోట్లు. అయినను ఇద్దరును తమకే మేలైనది వచ్చినదని తృప్తితో మరలిరి. ఒకరి కంటికి ఇసుక మరియొకరి కంటికి బంగారము. మంచి పంపకమునకు మూలము ఇదియే. సమముగా కోయుట వేరు, ఇద్దరి మనస్సులను ఎరిగి కోయుట వేరు.

మా మనుమడు మన నేతపనిమీద ఒక ఆట స్వయముగా కల్పింపవలెనని పూనుకొని అట్టముక్కలను కత్తిరించి పడుగు, పేక, నాడె, కండె, అచ్చు అని పేర్లు వ్రాసెను. నూలు పంపకము అను ముక్కను ఒకటి చేర్చి, ఏడు ముక్కలు పరచి రెండు కుప్పలు చేయవలెనని నియమము పెట్టెను. ఆట సాగలేదు. పంచువాడు తల పట్టుకొని కూర్చుండిపోయెను. లెక్క వేసి చూచితిమి. నాలుగు ముక్కలను రెండు కుప్పలుగా 8 విధముల విడదీయవచ్చును. అయిదింటిని 16 విధముల, ఏడింటిని 64 విధముల, పదింటిని 512 విధముల. ఒక్క ముక్క పెరిగినప్పుడెల్ల చిక్కు రెట్టింపగును. అయిదైనచో 16 దారులే. అవి మనస్సున నిలుచును. పైగా అయిదు బేసి సంఖ్య కనుక కుప్పలు లెక్కకు సరిసమానము కానేరవు. చెరి సగమని చేతులు దులుపుకొనుటకు వీలులేదు, ఆలోచింపక తప్పదు.

రెండవ చిక్కు వాడు పెట్టిన రాజుముక్క. అది యేవేళనైనను అన్నిటికంటె గొప్పది. అది యేవైపున్న ఆవైపే ఎంచుకొందురు. ఎంచుకొనుటకు ఏమియు లేనప్పుడు ఎంపిక యనుట పేరునకే. దానిని తీసివేసి, పడుగు చేతిలో నున్నవానికి పేక విలువైనదగునట్లును, పేక యున్నవానికి నాడె విలువైనదగునట్లును మార్చెను. ఇప్పుడు పంచువాడు ఎదుటివాని చేతిలో నేమున్నదో ఊహింపవలెను. జంటగా పనిచేయు ముక్కలను విడదీయవలెనా, కలిపి ఉంచి వేరొకదానితో ఆశ చూపవలెనా అని తూచవలెను. ఆట అక్కడ ప్రాణము పోసికొన్నది.

పంచుట మేలా, ఎంచుకొనుట మేలా? దీనికి కంపెనీవారి ఆటలోనే ఉదాహరణము కలదు. 2013లో థేరోస్ సంపుటములో వచ్చిన స్టీమ్ ఆగరీ అను ముక్క పై నియమమును తలక్రిందులు చేసినది. ప్రయోగించినవాడే అయిదింటిని విడదీయును, ఏ కుప్ప వానికీయవలెనో ఎదుటివాడు నిర్ణయించును. అయిదు ముక్కలలో ఒకటి 9 రూపాయల విలువగలది, తక్కిన నాలుగును ఒక్కొక్క రూపాయవి యనుకొందము. ఎదుటివాడు ఎట్లు విడదీసినను, ఎంచుకొనువానికి 9కి తక్కువ రాదు. తానే విడదీసి ఎంపికను ఎదుటివానికి విడిచినచో 4కు మించి దక్కదు. అనగా తన లెక్కప్రకారము చివర ఎంచుకొనువానికి సగమునకు తక్కువ ఎన్నడును రాదు. ఒకే అయిదు ముక్కలు. ఎంపిక ఎవరి చేతిలో నున్నదో దానినిబట్టి ఒకడు నవ్వును, ఒకడు నిట్టూర్చును.

ఈ ధర్మమున కొక ముఖ్యమైన కట్టుబాటు ఉన్నది. ముక్కలు వెల్లకిల ఉండవలెను. గ్రీకుల పురాణగాథలో ప్రొమీథియస్ అనువాడు ఎద్దును రెండు భాగములు చేసి, మంచి మాంసమును పొట్టతోలు క్రిందను, ఎముకలను మెరయు క్రొవ్వు క్రిందను దాచి, వారి దేవరాజైన జ్యూస్‌ను కోరుకొమ్మనెను. కుప్ప బోర్లించి యున్నచో ఎంపిక వరము కాదు, వల. దానినుండి పుట్టినది కలహమే.

ఇంతవరకు ఆట. ఇక బ్రదుకు. కరీంనగరు, వరంగల్, నల్లగొండ ప్రాంతములనుండి నేతపని వెంటబెట్టుకొని వచ్చి, పద్మనగర్, కామత్‌ఘర్ ప్రాంతములలో నిలద్రొక్కుకొన్న మన కుటుంబములలో ఉమ్మడి ఆస్తి యనగా చాలవరకు గాలాయును, మరమగ్గములును. పొలమునైన గట్టు వేసి కోయవచ్చును. మగ్గమును కోయుట ఎట్లు? సగము మగ్గము గుడ్డ నేయదు. మగ్గము కూడ పేకముక్క వంటిదే. ఇటో, అటో పోవలసినదే.

చాలచోట్ల చీట్లు వేయుదురు. చీటీకి పక్షపాతము లేదు, నిజమే. కాని దానికి కన్నులును లేవు. రోడ్డుప్రక్క దుకాణము పెట్టుకొనదలచినవానికి సందులోని గాలాయు, మగ్గము తప్ప వేరొండు ఎరుగనివానికి రోడ్డుప్రక్క గదియు వచ్చును. ఇద్దరును నోరు మూసికొని తీసికొందురు, ఇద్దరును లోలోపల కుములుదురు. అందుకే అన్న పంచి తమ్ముని ఎంచుకొమ్మనుట మేలు.

అట్టి పంపకమున కొకదానికి మేము వ్రాతగానిగా కూర్చుంటిమి. ఇద్దరన్నదమ్ములు, 12 మగ్గములు, రెండు గాలాలు. అన్న, రోడ్డుమీది గాలాను 5 మగ్గములతో ఒక వాటాగాను, సందులోని గాలాను 7 మగ్గములతో మరియొక వాటాగాను పెట్టెను. చూచుటకు ధర్మముగానే యున్నది. కాని లెక్కల పుస్తకము ఎప్పుడును అన్నచేతిదే. తమ్ముడు మగ్గముల నడుమనే పెరిగినవాడు. ఎంచుకొనుటకు ముందు పదిదినములు పుస్తకములు చూపవలెనని తమ్ముడు అడిగెను. నన్ను నమ్మవా యని అన్న కన్నులు ఎర్రజేసెను. అక్కడనున్న వృద్ధుడొకడు, పుస్తకము తెరచినంతమాత్రమున ఎవడును దొంగ కాడు నాయనా, మూసియుంచినందుననే అనుమానము పుట్టునని నెమ్మదిగా చెప్పెను. పుస్తకములు తెరచినారు. సందులోని గాలా పేర కరెంటు బాకీయు, నూలు బాకీయు బయటపడినవి. అన్న తానే వాటాలను కదలించి, బాకీలను చెరి సగము వ్రాయించి, మరల కోరుకొమ్మనెను. తమ్ముడు సందులోని గాలానే కోరుకొనెను. నేటికిని ఒకరింటి శుభకార్యమునకు రెండవవారు ముందుగా పోయి నిలుచుందురు.

మన ధర్మశాస్త్రములును ఈ చిక్కును ఎరుగనివి కావు. పెద్దకొడుకునకు అదనపు భాగము ఈయవలెనని మనుస్మృతిలో కలదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర, అట్టి హెచ్చుతగ్గుల పంపకము శాస్త్రమున నున్నను లోకమునకు సమ్మతము కాదు కనుక ఆచరింపరాదని చెప్పినది. తిక్కన సోమయాజికి కృతి నిచ్చిన కేతన 13వ శతాబ్దమున ఆ ధర్మమును విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలో పెట్టెను. అనగా పంపకములను గూర్చి తెలుగున శాస్త్రగ్రంథముండి ఏడువందల యేండ్లు దాటినది.

నేడు వాటాదారులు అన్నదమ్ములు మాత్రమే కారు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకును కుమారునితో సమానమైన హక్కు మహారాష్ట్రమున 1994లోను, దేశమంతటను 2005లోను చట్టమైనది. ముగ్గురైనప్పుడు పంచువాడొకడు, ఎంచువాడొకడు అను సూత్రము చాలదు. దీనికి పోలండు దేశపు గణితజ్ఞులు బనాక్, క్నాస్టర్ అనువారు దారి కనుగొనగా, స్టైన్‌హౌస్ 1948లో ప్రకటించెను. మొదటివాడు తన దృష్టిలో మూడవవంతైనదానిని వేరుచేయును. అది ఎక్కువని తోచినవారు వరుసగా దానిని తగ్గింపవచ్చును. చివర తగ్గించినవాడే దానిని తీసికొనవలెను. ఎవరును తగ్గింపనిచో మొదటివానిదే. మిగిలిన ఇద్దరును మిగిలినదానిని పాతపద్ధతిని పంచుకొందురు. నూలునైన ఇట్లు తగ్గింపవచ్చును. మగ్గములకైనచో తేడాను రొక్కముతో పూరింపవలెను.

ఇది ఇంటి సంగతి మాత్రమే కాదు. 1982 నాటి సముద్ర న్యాయ ఒప్పందమున, సముద్రగర్భమున ఖనిజములు త్రవ్వదలచినవారు సమాన విలువగల రెండు భాగములను చూపవలెననియు, అందొకదానిని అంతర్జాతీయ సంస్థ ఎంచి, తనకొరకును వెనుకబడిన దేశములకొరకును ఉంచుకొనుననియు నియమము కలదు. యంత్రములు, ధనము, ఎరుక గలవాడు పంచవలెను. అవి లేనివాని పక్షమున ఎంపిక ఉండవలెను.

ఈ మాటయే మా యింటికిని వర్తించునని నిశ్చయించితిమి. మా తండ్రిగారు విడిచిపోయిన గాలా యొకటి, 8 మగ్గములు, పూర్ణలో మేము కట్టుకొన్న యిల్లు, ఇవి మా ఆస్తి. కుమారుడు మావద్దనే యున్నాడు. అతనికంటె చిన్నదైన కుమార్తె సోలాపురమున కాపురమున్నది. ఆడపిల్లకు పసుపుకుంకుమల క్రింద కొంత బంగారమిచ్చి సంతకము తీసికొనుమని హితవు చెప్పిన బంధువులు లేకపోలేదు. వారికి నమస్కరించి ఊరకుంటిమి.

వచ్చు సంక్రాంతికి కుమార్తెయు, అల్లుడును వచ్చినప్పుడు ఈ పని ముగింపదలచితిమి. రెండు వాటాల జాబితాను కుమారుడు వ్రాయును. బాకీలు, అద్దె రసీదులు, కరెంటు బిల్లులు అన్నియు ముందుగా బల్లమీద పరచి యుండును. కుమార్తె వానిని వారము దినములు చూచుకొని, తనకు నచ్చినది కోరుకొనును. నాన్నా, పంచు భారము నాకేల, కోరుకొను సుఖము చెల్లెలికేల యని కుమారుడు అడిగినాడు. తాళపుచెవులు నీ మొలలో నున్నవి కనుక పంచుట నీ వంతు, ఆమె చేత ఏమియు లేదు కనుక ఎంచుట ఆమె వంతు అని చెప్పితిమి. అతడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట కాగితము తెచ్చుకొని నడుమ గీత గీసి, మొదటి మగ్గము ఏవైపు వ్రాయవలెనా యని ఆలోచింప మొదలిడినాడు.