తెర మీది అంగుళం

'ఫోన్లో చూసినప్పుడు బాగానే ఉందండీ!'

డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్సీ షాపుల్లో తరచూ వినిపించే మాట ఇది. శుభలేఖ ప్రూఫు వాట్సాప్‌లో చూసి 'ఓకే' అంటారు. తీరా అచ్చయి వచ్చాక వధూవరుల పేర్లు తప్ప ముహూర్తం, కల్యాణ మండపం అడ్రసు ఇంట్లో పెద్దవాళ్లకి కనపడవు. ఫోన్లో రెండువేళ్లతో పెద్దది చేసుకుని చదివారు మరి. కాయితాన్ని అలా సాగదీయలేం కదా!

ముగ్గులు పెట్టేవాళ్లకి ఇందులోని లెక్క కొత్తదేం కాదు. పదిహేను చుక్కల ముగ్గు ఎంత పెద్దదని అడిగితే ఏం చెబుతాం? చుక్కకీ చుక్కకీ మధ్య ఎడాన్ని బట్టి అది గుమ్మం ముందు మూరెడు జాగాలో ఇమిడిపోతుంది. సంక్రాంతి రోజున వాకిలంతా పరుచుకుంటుంది. పిక్సెల్ అంటే ఆ చుక్కే. ఫొటో 1800కి 1200 పిక్సెళ్లు అంటే అడ్డంగా 1800, నిలువుగా 1200 చుక్కలు ఉన్నాయని మాత్రమే. అంగుళాలు అందులో లేవు. అంగుళానికి ఎన్ని చుక్కలు వేయాలో మనం అనుకుంటేనే అవి వస్తాయి. దాన్నే డీపీఐ అంటున్నారు. 1800ని 300తో భాగిస్తే 6 అంగుళాలు, 1200ని భాగిస్తే 4. ఆల్బమ్‌లో పెట్టుకునే మామూలు ఫొటో అన్నమాట. మిల్లీమీటర్లు కావాలంటే వచ్చినదాన్ని 25.4తో హెచ్చవేయాలి.

'300 డీపీఐలో పంపండి' అని ప్రెస్ వాళ్లు అడుగుతారు. వెంటనే కంప్యూటర్లో 72 అని ఉన్నచోట 300 అని కొట్టి పంపేసేవాళ్లున్నారు. చుక్కలు అన్నే ఉంచి ఆ అంకె ఒక్కటీ మారిస్తే బొమ్మ చిన్నదవుతుందే తప్ప వివరం పెరగదు. సంచిమీద పది కిలోలని రాస్తే లోపలి అయిదు కిలోల బియ్యం పదవుతాయా!

తెర మీద కనిపించే అంగుళాన్నీ నమ్మడానికి లేదు. 1984లో వచ్చిన మొదటి మెకింటాష్ కంప్యూటర్ తెరలో అంగుళానికి 72 చుక్కలుండేవి. డీటీపీలో వాడే పాయింటు కూడా అంగుళంలో 72వ వంతే కాబట్టి తెర మీది అక్షరం, కాయితం మీది అక్షరం ఒకే సైజులో ఉండేవి. తర్వాత విండోస్ 96 అంది. ఇప్పుడు తెరలు రకరకాలు. 1920కి 1080 చుక్కల తెర 24 అంగుళాల మానిటర్లో అయితే అంగుళానికి 92 దాకా వస్తుంది, 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో 141. 96 చుక్కలకి అంగుళమని లెక్కగట్టిన గీత మొదటిదాంట్లో అంగుళం కంటే కాస్త ఎక్కువ, రెండోదాంట్లో ముప్పాతిక అంగుళం కూడా ఉండదు. శుభలేఖ అసలు సైజు ఎంతో తెలియాలంటే ఓ సులువుంది. డిజైన్లో 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పుతో ఓ పెట్టె గీసి, తెరకి ఏటీఎం కార్డు ఆనించాలి. పెట్టె కార్డంత అయ్యేవరకూ పెద్దదో చిన్నదో చేయాలి. అప్పుడు కనిపించేదే కాయితం మీదికొచ్చే సైజు. అన్నిటికంటే మంచిది, ఒక కాపీ ప్రింటు తీయించి తాతయ్య చేతికివ్వడం.

ఇంతకీ ఈ 300 ఎక్కడిది? మన కంటిదే. అడుగు దూరంలో పట్టుకున్న కాయితం మీద అంగుళానికి దాదాపు 300 చుక్కలు దాటితే మామూలు చూపు వాటిని విడివిడిగా పోల్చుకోలేదు. దూరం పెరిగేకొద్దీ అవసరం తగ్గుతుంది. ఆరడుగుల దూరానికి 50 చాలు, పదడుగులకి 30. అందుకే పదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు ఫ్లెక్సీకి 3600 చుక్కలకి 2160 ఉన్నా రోడ్డు మీద వెళ్లేవాళ్లకి నిండుగానే ఉంటుంది. అదే కొలతకి 300 చొప్పున చేసుకుంటూ పోతే ఫైలు తెరుచుకోక కంప్యూటర్ మొరాయిస్తుంది. అమెరికా వీసా ఫొటో చూడండి... కాయితం మీద 2 అంగుళాల చదరం, అప్‌లోడ్ చేయడానికి కనీసం 600 పిక్సెళ్ల చదరం. 600ని 300తో భాగిస్తే రెండే!

శుభలేఖ చిన్నదైతే మళ్లీ వేయించుకోవచ్చు. కొన్నిటికి ఆ అవకాశం ఉండదు.

బస్టాండు పక్కనున్న ఓ ఫొటో స్టూడియోకి ఒకావిడ వచ్చింది. ఎల్లుండి వాళ్లమ్మ పెద్దకర్మ. ఫోన్లో ఫొటో చూపించి, '16కి 20 కట్టించాలి బాబూ' అంది. ఎవరిదో పెళ్లిలో అందరూ కలిసి దిగిన ఫొటో, వాట్సాప్‌లో చేతులు మారి వచ్చింది. అమ్మ పక్కకి తిరిగి ఎవరి మాటకో నవ్వుతోంది. కుర్రాడు అమ్మ వరకూ కత్తిరించి చూస్తే మిగిలినవి 420కి 525 చుక్కలు. 525ని 20తో భాగిస్తే అంగుళానికి 26. ముఖమంతా అలుక్కుపోతుంది.

'ఒరిజినల్ ఎవరి దగ్గరుందమ్మా? వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి, తగ్గకుండా వస్తుంది' అన్నాడు. ఆవిడ అక్కడినుంచే మేనల్లుడికి ఫోన్ చేసింది. అతను ఆ ఫోను ఎప్పుడో మార్చేశాడు.

ఆవిడ సంచిలోంచి అమ్మ బ్యాంకు పాసుబుక్కు తీసింది. అందులో 35కి 45 మిల్లీమీటర్ల ఫొటో ఉంది. దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేస్తే 827కి 1063 చుక్కలొచ్చాయి. ఇంకా పెంచొచ్చు గానీ కాయితం మీద లేని వివరాన్ని స్కానర్ పుట్టించదు. 20 అంగుళాలకి సాగదీసినా అంగుళానికి 53 నిలబడతాయి. భుజం మీద పడ్డ బ్యాంకు సీలు తుడిచేస్తే గోడకి చక్కగా సరిపోతుంది.

ఆవిడ తెరవంకే చూస్తూ ఉండిపోయింది. 'ఇందులో అమ్మ ఇలా బిగుసుకుపోయి ఉందేంటి? మా అమ్మ ఎప్పుడూ ఇలా ఉండదు.'

కుర్రాడు మళ్లీ పెళ్లి ఫొటో తెరిచాడు. 525ని 20తో కాకుండా 10తో భాగించాడు. 52.

'8కి 10 అయితే ఇదే వేయొచ్చమ్మా. మరీ దగ్గరికెళ్లి చూస్తే మసగ్గానే ఉంటుంది, ముందే చెబుతున్నా. టీవీ పైన గోడకి పెట్టుకోండి. సోఫాలోంచి ఆరడుగులుంటుంది కదా, బాగా కనపడుతుంది.'

'పూలదండ పడుతుందా దానికి?'

'చిన్నది కట్టించండి' అన్నాడు, ఫ్రేముల కట్టలోంచి 8కి 10 వెతుకుతూ.