దారి తాగే పెట్రోలు

షోరూంలో కొత్త కారు పక్కన నిలబెట్టిన బోర్డు మీద, లీటరుకు ఇన్ని కిలోమీటర్లంటూ పెద్దక్షరాల్లో కనిపించే అంకె ఏ రోడ్డు మీదా పుట్టింది కాదు. పుణేలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ లాంటి పరీక్షా కేంద్రాల్లో, నాలుగు గోడల మధ్య, రోలర్ల మీద పుట్టింది. అక్కడ కారు ఉన్నచోటే ఉంటుంది. చక్రాల కింద రోలర్లు తిరుగుతాయి. డ్రైవర్ ఎదుట తెర మీద ఒక గీత సాగుతూ ఉంటుంది. ఏ సెకనులో ఎంత వేగంతో ఉండాలో ఆ గీత చెబుతుంది, అతను దాన్ని తప్పకుండా పట్టుకుని పోవాలి. మొత్తం 1180 సెకన్లు. ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ. ఏసీ ఆపి ఉంటుంది. పొగగొట్టంలోంచి వచ్చిన వాయువుల్లో కార్బన్ ఎంతుందో కొలిచి, దాన్నిబట్టి ఎంత పెట్రోలు కాలిందో లెక్కగడతారు.

ఈ అంకెను మోసమని తిట్టిపోసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. అన్ని కార్లకూ ఒకే గీత, ఒకే వాతావరణం కాబట్టి రెండు కార్లను పక్కపక్కన పెట్టి చూడటానికి దానికి మించిన ఆధారం కొనేవాడి చేతిలో లేదు. పైగా ఆ పరీక్షకు ఊరి సంగతి బొత్తిగా తెలియదనడం కూడా న్యాయం కాదు. అందులో 195 సెకన్ల ఊరి భాగమొకటి నాలుగుసార్లు వస్తుంది. ప్రతిసారీ మూడుసార్లు ఆగి బయల్దేరాలి. అంటే నాలుగు కిలోమీటర్ల దూరంలో పన్నెండుసార్లు. దాదాపు మూడోవంతు సమయం కారు నిలబడే ఉంటుంది. సగటు వేగం గంటకు 19 కిలోమీటర్లు దాటదు.

మరి తేడా ఎక్కడ? ఆ గీత ప్రకారం సున్నా నుంచి 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 26 సెకన్లు పడుతుంది. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి జేఎన్టీయూ సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డాక 26 సెకన్ల పాటు అంత నెమ్మదిగా కదిలి చూడండి. వెనక హారన్లు మోగిపోతాయి, పక్కనున్న ఆటో ముందు ఖాళీలో దూరిపోతుంది. రెండో సంగతి, ఊరి భాగం నాలుగు కిలోమీటర్లే. మిగిలిన ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు గంటకు 90 వరకు పోయే పెద్ద రోడ్డు తీరు. బోర్డు మీద రాసేది ఈ రెండూ కలిపిన అంకె. రోజూ ఆఫీసుకు పోయేవాడికి ఆ రెండో భాగం దక్కేది ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిన రోజునే.

ఇక అసలు దారిలోకి వద్దాం. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి బయల్దేరి, పాత ఫోరమ్ మాల్ పక్కగా దిగి, హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ దగ్గరి వంతెన కింద దూరి, సైబర్ టవర్స్ మీదుగా మైండ్‌స్పేస్ చేరే దారి లక్షలమందికి కంఠతా వచ్చు. దూరం ఎనిమిది కిలోమీటర్లనుకుందాం. కారు మామూలు 1.2 లీటర్ల పెట్రోలు ఇంజనుది, కదులుతున్నంతసేపూ లీటరుకు 18 ఇస్తుందనుకుందాం. కదలికకు 440 మిల్లీలీటర్లు ఖర్చయింది. నిలబడి ఏసీతో తిరుగుతున్న ఇంజన్ గంటకు ఇంచుమించు లీటరు తాగుతుంది. పొద్దున్నే, దారి మొత్తం మీద మూడు నిమిషాలే ఆగి చేరుకున్నవాడికి అదనంగా పడేది 50 మిల్లీలీటర్లు. లీటరుకు 16 దాటి వచ్చినట్టు. అదే కారు, అదే మనిషి, తొమ్మిదింటికి బయల్దేరి దారిలో మొత్తం పదిహేను నిమిషాలు నిలబడ్డాడంటే అదనం 250 మిల్లీలీటర్లు. మైలేజీ 12కు లోపు. మాటిమాటికీ ఆగి బయల్దేరిన ఖర్చు ఇంకా కలపనే లేదు.

ఆ ఖర్చునూ కలుపుదాం, ఎందుకంటే నగరంలో అసలు దొంగ అదే. మనిషితో కలిపి వెయ్యి కిలోల కారు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలో దాదాపు 96 కిలోజౌళ్ల గతిశక్తి ఉంటుంది. లీటరు పెట్రోలులో 32 వేల కిలోజౌళ్లు ఉన్నా, ఇంజన్ వేడిగా, పొగగా వదిలేసింది పోను చక్రాలకు అందేది పాతిక శాతమే అనుకుంటే, ఆ వేగం అందుకోవడానికి 12 మిల్లీలీటర్లు కాల్చాలి. రెండు చెంచాల పైమాట. బ్రేకు తొక్కిన మరుక్షణం ఆ శక్తంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్లీ కదలాలంటే మళ్లీ రెండు చెంచాలు. వేగం రెట్టింపైతే ఖర్చు నాలుగింతలవుతుంది కాబట్టి, రెండు సిగ్నళ్ల మధ్య 60కి ఉరికి ఆగినవాడు 17 మిల్లీలీటర్లు పారబోస్తే, 30 మీద నెమ్మదిగా చేరినవాడికి నాలుగుంబావుతో సరిపోతుంది. ఇద్దరూ చేరింది అదే ఎర్రలైటు దగ్గరికి.

ఈ లెక్కలేవీ వేయకుండానే ఈ సంగతి బాగా తెలిసినవాళ్లు క్యాబ్ నడిపేవాళ్లు. "ఎంతొస్తోందన్నా?" అని అడిగితే ఒకాయన నాకు చెప్పిన జవాబు ఏ మాన్యువల్‌లోనూ కనిపించలేదు. "పొద్దుగాల ఒక లెక్క సార్, ఆఫీసులు ఇడిసినంక ఒక లెక్క. బండిదేముంది, తొవ్వను బట్టి ఇస్తది." ఆయన కాలు యాక్సిలరేటర్ మీద ఎప్పుడు పెడుతున్నాడో, ఎప్పుడు తీస్తున్నాడో చూస్తూ కూచున్నాను. చూపు ముందున్న కారు మీద కాదు, దానికి ముందున్న నాలుగైదు బండ్ల మీద ఉంది. దూరాన బ్రేకు లైట్లు ఎర్రబడగానే కాలు తీసేస్తున్నాడు. "ముంగట లైటు ఎర్రగ కనవడ్తుంటె ఉరుకుడెందుకు సార్? పోయి ఆడ నిలవడుడే గదా" అన్నాడు. పెట్రోలు పొదుపు గురించి నేను చదివినదంతా ఆ రెండు మాటల్లో ఉంది.

కాలు తీసేయడం దగ్గర ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. అంబాసిడర్లూ ప్రీమియర్ పద్మినీలూ నడిపిన తరం వాళ్లు వాలు కనిపిస్తే గేరు న్యూట్రల్‌లో వేసి వదిలేసేవారు. కార్బురేటర్ ఉన్న రోజుల్లో అది కొంత పెట్రోలు మిగిల్చిన మాట నిజం. కార్బురేటర్ స్థానంలో ఇంజెక్టర్లున్న ఎంపీఎఫ్ఐ ఇంజన్లు వచ్చాక కథ తిరగబడింది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే, చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయని ఇంజనును నడిపే కంప్యూటరు గ్రహించి ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఆ కాసేపు ఒక్క చుక్క కూడా కాలదు. న్యూట్రల్‌లో వేస్తే మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా బ్రేకులకు ఇంజన్ సాయం పోతుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఇప్పటికీ న్యూట్రల్ వేసే పెద్దలున్నారు. వాళ్ల పొదుపు బుద్ధి మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఈ మాట వాళ్లకు చేరాలని కోరుకుంటాను.

ఏసీ గురించి మనకున్న భయం సగమే సరైనది. పెద్ద రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు ఏసీ ఖర్చు పెద్దగా తెలియదు. అద్దాలు దించితే గాలి అడ్డుపడి అంతకంటే ఎక్కువే పోవచ్చు. ఊళ్లో దాని ప్రతాపం వేరు, ఎందుకంటే కదలికకు పెట్రోలు కిలోమీటర్ల లెక్కన పడితే, చల్లదనానికి గంటల లెక్కన పడుతుంది. గంటకు పది కిలోమీటర్లు పోయే దారిలో ఒక్కో కిలోమీటరు మీద పడే ఏసీ భారం గంటకు అరవై పోయే దారికంటే ఆరింతలు. మే నెలలో ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీని నిండుగా పెట్టేబదులు తలుపులు తెరిచి, వేడిగాలి బయటికి పోయాక పెడితే కంప్రెసర్‌కు ఆ మేరకు పని తగ్గుతుంది. ఏసీ లేకుండా వెళ్లమని మాత్రం నేనెవరికీ చెప్పను. మే నెల మధ్యాహ్నం మాదాపూర్‌లో ఒళ్లు మాడ్చుకోవడం పొదుపు కాదు.

సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపడానికి చాలామంది వెనకాడతారు, స్టార్ట్ చేసినప్పుడల్లా బోలెడు పెట్రోలు పోతుందని. నేటి ఇంజన్లలో అది పది సెకన్ల పాటు నిలబడి తిరిగే ఖర్చుకు మించదు. అంకెలు తగ్గుతూ కనిపించే సిగ్నల్లో 90 అని ఉంటే ఆపేయడమే మేలు.

కొత్త కారు కొన్న మొదటి వారాల్లోనే అంకె చూసి దిగులు పడేవాళ్లకు ఒక మాట. లోపలి భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకోవడానికి కొంత దూరం నడవాలి, ఆ తర్వాత మైలేజీ కొద్దిగా మెరుగవుతుంది. దగ్గరి ప్రయాణాలు మరీ నష్టం: చల్లగా ఉన్న ఇంజనుకు కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పాళ్లలో కలిపి ఇస్తుంది, వేడెక్కేలోగా ఇల్లు వచ్చేస్తుంది. కూరగాయలకు వెళ్లివచ్చిన రెండు కిలోమీటర్ల మైలేజీని లెక్కలోకి తీసుకోకండి. టైర్లలో గాలి డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద రాసినంత ఉండాలి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఇక బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో అదే పరిమాణపు పెట్రోలుకంటే శక్తి దాదాపు మూడోవంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదికలోనే, 10 శాతం మిశ్రమానికి తయారై 20కి సర్దిన కార్లకు 1 నుంచి 2 శాతం, అంతకంటే పాత తీరు కార్లకు 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా ఉంది. తగ్గుదల ఉంది, కాదనలేం. కానీ తొమ్మిది గంటల ట్రాఫిక్ తీసుకుపోయే దానిముందు అది చిన్నది.

మైలేజీని మనం కొలిచే తీరులోనే ఒక చిక్కు ఉంది. అమెరికాలో రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు 2008లో సైన్స్ పత్రికలో దీన్ని బయటపెట్టారు. మన లెక్కలో చెప్పుకుందాం. లీటరుకు 18 ఇచ్చే కారు 20 ఇవ్వడం, 10 ఇచ్చే కారు 12 ఇవ్వడం చూడటానికి ఒకటేలా అనిపిస్తాయి, రెండుచోట్లా పెరిగింది రెండే. వెయ్యి కిలోమీటర్లకు లెక్కేస్తే మొదటిది మిగిల్చేది ఐదున్నర లీటర్లు, రెండోది పదహారున్నర. యూరప్‌లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని చెప్పుకోవడం వల్ల ఈ తికమక రాదు. ఇందులో కొనేవాడికి పనికొచ్చేది ఏమిటంటే, రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవాడు బోర్డు మీది పెద్ద అంకె ఇంకొంచెం పెద్దదవ్వాలని చూడనక్కర్లేదు, తన దారిలో వచ్చే చిన్న అంకె ఏ కారులో పెరుగుతుందో చూడాలి.

హైబ్రిడ్ కార్లు గెలిచేది అక్కడే. 1997లో జపాన్‌లో ప్రియస్ వచ్చినప్పటి నుంచీ వాటి సూత్రం ఒకటే: బ్రేకు తొక్కినప్పుడు వేడిగా పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి మళ్లించి, బయల్దేరేటప్పుడు ఆ శక్తితోనే చక్రాలు తిప్పడం, ఆగినప్పుడు ఇంజన్ ఆపేయడం. ఆ రెండు చెంచాల్లో కొంత తిరిగి చేతికొస్తుందన్నమాట. మన దేశంలో 2022లో హోండా సిటీ, గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్లు వచ్చాక ఈ తేడా మన రోడ్ల మీదా కనిపిస్తోంది. ధర ఎక్కువే. రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాడికి ఆ డబ్బు ఎప్పటికో గానీ తిరిగిరాదు. ఊళ్లోనే రోజంతా తిరిగే బండికి మాత్రం లెక్క కుదురుతుంది.

కారు మార్చకుండా అంకె మారే మార్గం బయల్దేరే గంటను మార్చుకోవడం. ఆఫీసు వేళలు అందరి చేతిలో ఉండవు. అందుకే ఈ విషయంలో ఊరి బాధ్యత పెద్దదని నేననుకుంటాను. హైదరాబాద్‌లో చాలా కూడళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టినప్పుడు, దూరం పెంచి పెట్రోలు తగలేస్తున్నారని జనం విసుక్కున్నారు. లెక్క చూద్దాం. అర కిలోమీటరు అదనపు దూరానికి మన కారు 28 మిల్లీలీటర్లు తీసుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఏసీతో వంద సెకన్లు నిలబడితే అంతే పోతుంది. ఆగకుండా తిరిగిపోగలిగినచోట యూటర్న్ నష్టం కాదు. తిరిగే చోట మళ్లీ క్యూ కడితే మాత్రం రెండు విధాలా నష్టమే. ఏ కూడలికి ఏది తగునో ఇలాగే కొలిచి తేల్చాలి, అలవాటు మీదా విసుగు మీదా వదిలేయకూడదు. ఒక కూడలిలో వెయ్యి కార్లు ఒక్కొక్క నిమిషం నిలబడితే 16, 17 లీటర్ల పెట్రోలు ఎక్కడికీ పోకుండానే అయిపోతుంది. సిగ్నల్ సమయాలను వరుసగా కలిపి, ఒకచోట పచ్చ పడినవాడికి తర్వాతి కూడలిలోనూ పచ్చే దొరికేలా చేస్తే ఆ నిమిషంలో చాలా భాగం మిగులుతుంది. ఆ పని చేసేవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్లు చేసిన మేలు మాత్రం ఆ దారిన పోయే ప్రతి బండి మీటరులోనూ, మైలేజీ పక్కన కనిపించే సగటు వేగం అంకెలోనూ తెలుస్తుంది.